చప్పిడి కూడు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు పెట్టాల్సిన పప్పు నేనే వండాను. చెయ్యి వణకలేదు.

కారేపల్లిలో బస్సెక్కించి నన్ను ఖమ్మం డాక్టరు దగ్గరికి మొదటిసారి తీసుకెళ్లావు, గుర్తుందా? అప్పట్లో కొన్నాళ్లు నిద్రే లేకుండా మిరపచేలల్లో తిరిగేదాన్ని. తర్వాత నెలలకొద్దీ మంచం దిగేదాన్ని కాదు. ఎప్పుడూ చెవిలో ఎవరో తిడుతూనే ఉండేవాళ్లు. డాక్టరు గోళీలు రాసిచ్చాడు. మందంటే పథ్యం ఉండాలని నువ్వు నాకు ఉప్పులేని కూడు పెట్టావు. "బిడ్డ చప్పిడి తింటుంటే నాకు ముద్ద దిగుతదా" అని నువ్వూ ఉప్పు మానేశావు. నాకు వాంతులయ్యాయి, గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి. "గీ మందు నా బిడ్డకు పడ్తలేదు" అని గోళీలన్నీ పెంటకుప్పలో పారేశావు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి గొడ్లకొట్టంలో నా కాలికి గొలుసు, పక్కనే నీ చాప.

నువ్వు పోయాక, పోయిన చలికాలంలో నా గొలుసు విప్పించిన కొత్త డాక్టరమ్మ ఇచ్చింది ఆ గోళీలే. చెవిలో వినబడే గొంతులకు ఇంకో మాత్ర కలిపింది. అప్పటి వాంతుల సంగతి చెబితే, "ఉప్పు మానేసినవా అమ్మా? అట్ల మానేస్తే ఈ మందు ఒంట్లో పేరుకపోయి విషమైతది" అంది.

తిట్టే గొంతులు ఆగిపోయాయి. ఇప్పుడు చూస్తే నా జుట్టు తెల్లబడింది, ఇంట్లో పేరుపెట్టి పిలిచే మనిషి లేదు. విస్తట్లో నీ పప్పు చల్లారిపోతోంది.

నువ్వు బతికున్నా ఈ మాట నీకు చెప్పేదాన్ని కాదమ్మా. చదవలేవని తెలిసే రాస్తున్నాను.