తమ్ముడికి పట్టని పంచదార నీళ్ళు

అమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. రేపటిదాకా ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను.

ఈ రోజు ల్యాబులో కుందేలు పేగు ముక్కల్ని తిరగేసి చక్కెర నీళ్ళలో ఉంచాం. నువ్వు బోటి కడిగేటప్పుడు చీపురుపుల్లతో తిరగేసేదానివే, అచ్చం అలాగే. ఒక్కటీ చిరగలేదు. జబ్బు చేసినప్పుడు ఒంట్లోని రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే పదార్థం ఒకటుంది. దాన్ని కలిపిన నీళ్ళలోని ముక్కలు, మామూలు వాటికంటే తక్కువ చక్కెర పీల్చుకున్నాయి. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే. మా సారు కుర్చీలోంచి లేచొచ్చి చూశారు.

నాకు వెంటనే తమ్ముడి చిన్నప్పటి జ్వరం గుర్తొచ్చింది. పంచదార నీళ్ళు పట్టీ పట్టీ, "ఎంత పోసినా పిల్లడి ఒంటికి పట్టట్నేదు, నా సెయ్యే మంచిది కాదేటో" అనేదానివి.

కుందేలు పేగు చూసి మనిషి సంగతి తేల్చెయ్యకూడదన్నారు సారు. నిజమే. అయినా ఉక్కునగరంలో డ్యూటీ దిగిన తమ్ముడికి ఫోన్ చేసి, తప్పు అమ్మ చేతిది కాదేమోరా అని చెప్పేశాను.

వాడు నవ్వాడు. "ఈ మాట తెలిసినా అమ్మ ఇంకో గళాసుడు పట్టించీదే అక్కా."

ఫోన్ పెట్టేసి ఒక గ్లాసు కలుపుకున్నాను. నీలాగే పంచదార ఎక్కువేశాను.