దూదిలా ఉందన్నావు

అక్కా,

ఈ రోజు నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక నీ కూతురు లలిత నీ ఆస్పత్రి ఫైలు నా చేతిలో పెట్టింది. "పిన్నీ, మీ డాక్టరుగారికి పనికొస్తుందేమో చూడు" అంది.

క్యాన్సర్‌ వచ్చి రొమ్ము తీసేశాక, దాని చోట ఇంప్లాంట్ పెట్టించుకోవడానికి నేను భయపడుతుంటే, నాకంటే ముందే పెట్టించుకున్న నువ్వే చీరాల నుంచి ఫోన్ చేశావు. "ఏం కాదే, నాది దూదిలా ఉంది. పెట్టించుకో" అన్నావు. నీ మాట మీదే ఒప్పుకున్నాను. రెండేళ్లకే దాని చుట్టూ మచ్చలాంటి పొర ఏర్పడి బిగుసుకుపోయింది. మళ్లీ ఆపరేషన్ చేసి కొత్తది పెట్టారు. ఇప్పుడు అదీ రాయిలా గట్టిపడుతోంది. మిరప కళ్లంలో చెయ్యెత్తి బస్తా పట్టుకోలేకపోతున్నాను.

నువ్వు నాకు ఫోన్ చేసేనాటికే నీకు రెండుసార్లు అలా గట్టిపడిందని ఫైల్లో ఉంది. నొప్పికి రోజూ మాత్రలు వేసుకుంటున్నావని కూడా ఉంది.

"అందరికీ ఇలా కాదమ్మా" అంటారు డాక్టరుగారు. నిజమే కావచ్చు. తెలిసినా నేను పెట్టించుకునేదాన్నేమో. కానీ తెలిసి పెట్టించుకునేదాన్ని. నాకు రెండోది పెట్టినప్పుడు మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "నీకే ఎందుకిలా అయిందే" అని ఏడ్చావు. అది మింగుడుపడటం లేదు.

వచ్చే వారం తీయించేసుకుంటున్నాను. ఇక కొత్తది వద్దన్నాను.

వెళ్లేటప్పుడు లలిత గుమ్మంలో ఆపి అడిగింది.

"అమ్మకి బాగా నొప్పుండేదా పిన్నీ?"

"నాకు చెప్పలేదమ్మా" అన్నాను.

"నాకూ చెప్పలేదు" అంది.