వెనక గది పగులు

12-3-2006, ఆదివారం
వెనక గది బయటి గోడ మీద పగులు. గృహప్రవేశమై ఏడాది కాలేదు. దగ్గరుండి కట్టించింది తమ్ముడు దేవేందరే. ఫోన్ చేశాను. "కొత్తిల్లు గదక్కా, ప్లాస్టరింగ్ పగుల్తది. పరేషాన్ గాకు" అన్నాడు.

19-3
మనిషిని పంపాడు. పుట్టీ పెట్టి, పెయింట్ వేసి పోయాడు. రంగు కలవలేదు.

2-7
నాలుగు వానలకే పుట్టీ చీలింది. ఈసారి పగులులో నా బస్‌పాస్ దూరుతోంది.

9-7, సాయంత్రం
కీసర నుంచి సిద్దయ్య మేస్త్రీని పిలిపించాను. ముందు గోడ మీది సన్న గీతలు పైపూతవేనట, నీళ్లు సరిగ్గా కొట్టక వచ్చాయట. వెనక గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ పగులు ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగుతోంది. పైన వెడల్పు, కింద సన్నం. మూల కుంగుతోందన్నాడు. పగులుకు అడ్డంగా గాజుముక్క ఒకటి సిమెంటుతో అతికించాడు. అది పలిగితే ఇంకా కుంగుతున్నట్టే. పోతూ పోతూ అడిగాడు: "ఈడ బావి గిట్ల ఉండెనా అమ్మా?"

ఉండేది. నాయిన తవ్వించిన బావి. ఆయన పోయాక భూమిని ప్లాట్లు చేసి బావి పూడ్చారు. అది పార్కు కిందికి వచ్చిందని తమ్ముడు చెప్పాడు. లేఅవుట్ కాగితం నేను చూడలేదు. నా వాటాకు ఈ ఒక్క ప్లాటు ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టించుకున్నారు. చదివి పెట్టమన్నందుకు మా ఆయన్ని కసిరాను కూడా.

28-7, ఉదయం 6
గాజు పలిగింది.

30-7
మేడ్చల్ పోయాను. తమ్ముడు ఇంట్లో లేడు. అమ్మ గోకరకాయ తుంచుతోంది. నా ఇల్లు బావి మీద ఉందా అని నిలబడే అడిగాను. తల ఎత్తలేదు.

"ఎవలకో ఒకలకు రావాలె గద బిడ్డా. మొగపిలగాని ప్లాట్లల్ల ఎట్ల పెడతం?"

వచ్చేటప్పుడు గోకరకాయ కవర్లో పోసి ఇచ్చింది. బస్సులోంచి పారేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి వండాను. అందరూ తిన్నారు.

13-8
తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ చెప్పేసిందన్నాను. "సంతకం వెట్టింది నువ్వే గదక్కా" అన్నాడు.
నిజమే. అదే మండుతోంది.

20-8
పిల్లల మంచాలు ముందు గదిలోకి మార్చాం. వెనక గది ఖాళీ.

24-9
అమ్మ సంచితో వచ్చింది. కోడలితో పడలేదట. కొన్నాళ్లు ఇక్కడే ఉంటానంది. పక్క ఏ గదిలో వేయమంటావని అడిగాను.

ముందు గదిలో వేయమంది.