బెంచీ మీద లేని పేరు

ఏమోయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఆస్ట్రేలియా ఊళ్లో, మన టూవూంబాలో ఉన్న తెలుగు పిల్లలందరూ కలిసి పార్కులో నీ జ్ఞాపకార్థం బెంచీ వేయించారు. దాని ఇత్తడి పలక మీద ఇంగ్లీషులో "డాక్టర్ మూర్తిగారి భార్య స్మృతిలో" అని చెక్కించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆవిడ పేరేదోయ్?" అన్నాను, దగ్గరుండి అంతా చేయించిన సురేష్‌తో.

"సారీ అంకుల్. అందరం ఆంటీ అనే పిలిచాం కదా, నేమ్ ఎవరికీ తెలీలేదు. మిమ్మల్ని అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని..."

నీ హంగరీ రాణి గుర్తొచ్చింది. ఎప్పటి రాణో! భాష రాని దేశానికి కోడలిగా వచ్చి, కొడుకుల్ని కని, మఠానికి పొలాలు రాసిచ్చిన మనిషి. ఆవిడ పేరు కోసం యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఆరేళ్లు పుస్తకాలు మోసుకొచ్చావు. ఎక్కడ చూసినా "రాజుగారి భార్య" అనే ఉంది.

"పొలం హద్దులన్నీ రాశాడు. పేరు రాయడానికి చెయ్యి రాలేదు వెధవకి" అని, ఆ దానపత్రం రాసిన సన్యాసిని తిట్టేదానివి. నేను పేపరు చాటున నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ కమ్యూనిస్టు హంగరీ పడమటి సరిహద్దు ముళ్లకంచె తీసేస్తున్నారని టీవీలో చూపిస్తున్నారు. నువ్వుంటే టికెట్లు కొనమని నా ప్రాణం తీసేదానివి.

ఇంటికి రాగానే పలక మార్చమని చెక్కినవాడికి ఫోన్ చేశాను. పేరు చెప్పమన్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో నిన్ను "ఏమోయ్" అని తప్ప ఎప్పుడు పిలిచాను? ఏ మొహం పెట్టుకుని సురేష్ మీద అరిచాను?

వాడు మళ్లీ అడిగాడు. ఈసారి ఇల్లంతా వినపడేలా చెప్పాను.

విశాలాక్షీ, విన్నావా?