నాన్న కారు మీద సున్నాలు

పోర్ట్ లింకన్

డారిల్,

ఆ ఆదివారం నాన్న ఫ్లానెల్ గుడ్డను బీచ్ ఇసుకలో పడేసింది నువ్వా, నేనా? ఏళ్ళుగా అడగాలనుకుంటూనే ఉన్నాను. దులిపేసి మళ్ళీ కారుకు మైనం రుద్దాం. నాన్న చూసి కూడా, "గుండ్రంగా తిప్పండర్రా, దానికి చక్కిలిగింతలు పెట్టినట్టు" అని నవ్వాడు.

ఉప్పుగాలికి తట్టుకునేలా ఆ కారుకు గాజులా పారదర్శకంగా గట్టిపడే సిరామిక్ పూత వేద్దామని, పూసే స్పాంజీల కోసం వెళ్ళాను. ఖరీదైనవి తీస్తుంటే కొట్టు నడిపే మురియెల్ ఆపింది.

"చవకవి చాలమ్మా. మెత్తగా ఉంటే చాలు. ఎలాగూ వాటిలో పూత ఆరి గట్టిపడ్డాక పారేయాల్సిందే."

వెంట తెచ్చిన నాన్న పాత గుడ్డ చూపించాను.

"ఇది గుడ్డా, గరుకు కాగితమా?" అంది.

చవకవే పది కొన్నాను. ఆమె బయటికొచ్చి కారు చూసి, "ముందు పాలిష్ పట్టి ఈ గీతలు తీసేయ్. లేకపోతే పూత కింద ఏళ్ళ తరబడి ఉండిపోతాయి" అంది.

ఎండలో బానెట్ నిండా ఆ ఇసుక గుడ్డతో మన చిన్న చేతులు చుట్టిన సున్నాలు కనిపిస్తాయి. నాన్న పోయాక రోజూ వాటినే చూస్తున్నాను. స్పాంజీల సంగతి తేలిపోయింది. గీతలు చెరిపేయాలో, పూత కింద దాచుకోవాలో నాకింకా తేలడం లేదు.

అక్క