మెట్ల లైటుకు రెండు స్విచ్చులు

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వూ వదినా కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ, నేను నడిపే క్రేనూ బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను. మొన్న వంటింటి ప్లగ్గుల గురించి మనం అరుచుకున్న అరుపులకి పనివాళ్లంతా పని ఆపి నా వంక చూశారు. "ఇక మీదట మీ అన్నదమ్ములు ఉత్తరాలే రాసుకోండి, మా చెవులైనా మిగులుతాయి" అని నా భార్య తీర్పు చెప్పేసింది.

మనం కట్టుకుంటున్న ఇంటి గోడలకి పూత పడకముందే ఇవన్నీ వైరింగు అతని చెవిన వెయ్యి. వంటింట్లో మిక్సీ ప్లగ్గు నీళ్ల కుళాయికి దూరంగా ఉండాలి. పడకగదుల్లో స్విచ్చు మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందాలి. నీ కుట్టుగదిలో మిషన్ మీది లైటు ఎడమ పక్క నుంచి రావాలి. నువ్వు కుడిచేతివాటం మనిషివి కాబట్టి, కుడి పక్కన పెడితే నీ చేతి నీడే కుట్టు మీద పడుతుంది.

ఇక అసలు సంగతి మెట్ల దారి. రెండు పక్కలా గోడలే కదా, మిట్టమధ్యాహ్నం కూడా కన్ను పొడుచుకున్నా ఏమీ కానరాదు. అక్కడ ఒకటే లైటు, దానికి పైన ఒక స్విచ్చు, కింద ఒక స్విచ్చు పెట్టమను. ఏది నొక్కినా వెలగాలి, ఏది నొక్కినా ఆరాలి. కింది స్విచ్చు మెట్ల దగ్గర వద్దు. నీ కుట్టుగదిలో, మిషన్ పక్కనే పెట్టించు. నీ మోకాళ్ల సంగతి నాకు తెలియదా? ఎవరైనా దిగుతున్న చప్పుడైతే కూర్చున్న చోటి నుంచే వేసేస్తావు.

వదినకి నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు

---

ప్రియమైన తమ్ముడికి,

దొరగారి ఆజ్ఞలు అందాయి. అన్నీ నువ్వు చెప్పినట్టే చేయిస్తున్నాను, ఒక్క మెయిన్ బోర్డు తప్ప. అది పైన తన వాటాలో ఉండాలని మరదలు అంటోందట. కుదరదు. ఇంటికి పెద్దవాణ్ణి, మెయిన్ నా వాటాలోనే ఉంటుంది. ఎక్కువ మాట్లాడితే ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాను. అందరూ చీకట్లో కూర్చుని ఒకరి మొహాలు ఒకరు తడుముకోండి.

మెట్ల స్విచ్చు నా గదిలో ఎందుకురా? గోడ అవతల లైటు వెలుగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది? నా కళ్లకి గోడలోంచి కనిపిస్తుందా?

మీ వదిన నీకు వేళకి తినమని చెప్పమంది. నేనైతే చెప్పను.

నీ అన్నయ్య

---

ప్రియమైన అన్నయ్యకు,

నీకు ప్రతిదానికీ అనుమానమే. నొక్కితే వెలుగుతుంది. అందులో చూడాల్సింది ఏముంది? నేను చెప్పిన చోటే పెట్టించు.

ఫ్యూజు మాట మాత్రం మళ్లీ నోట రానీకు. నా భార్య వచ్చేవారం పై వాటాలో దిగుతోంది. ఇక్కడి పని ముగిసేదాకా ఒంటరిగా ఉంటుంది. ఆమెని చీకట్లో ఉంచావని తెలిసిందో, అన్నవని కూడా చూడను. చిన్నప్పుడు నీ పన్ను రాలగొట్టింది గుర్తుంది కదా? అప్పుడు చేతిలో గోలీలాట రాయి మాత్రమే ఉంది.

నీ తమ్ముడు

---

తమ్ముడికి,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువుకో.

మరదలు మెట్ల మీంచి పడిందని తెలిసి వచ్చావు. వచ్చినవాడివి ఒక్క మాట అడగలేదు. నా కుడిచెయ్యి కుట్టుబల్ల మీద అదిమిపెట్టి సుత్తితో కొట్టావు. ఎముక విరిగిన చప్పుడు విని కూడా మళ్లీ కొట్టావు. అడ్డం వచ్చిన మీ వదినని తోసేస్తే మిషన్ అంచు తగిలి ఆమె నుదురు చీలింది. ఆస్పత్రిలో నా వేళ్లు రెండు తీసేశారు. మిగిలినవి కత్తెరలో దూరుతాయి కానీ కదలవు. బట్ట కత్తిరించి బతికేవాణ్ణి నేను. రేపటి నుంచి ఏం చేసుకుని బతకాలో కూడా నువ్వే చెప్పు.

మరదలి మోకాలి చిప్ప పగిలిందని, ముందు పళ్లు ఊడిపోయాయని నాకు తెలుసు. మెట్ల కింద నుంచి ఆమెని చేతుల మీద ఎత్తుకున్నది నేనే. ఆ రక్తం నా చొక్కాకి ఇంకా ఉంది.

ఒక్క మాట విను. ఆమె అడుగుల చప్పుడు విని లైటు వేశాను. వేశానురా, ఆర్పలేదు.

అన్నయ్య

---

అన్నయ్యకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కల్లబొల్లి కబుర్లు ఎవరికి చెబుతావు? నా భార్య పుట్టింట్లో కాలికి కట్టుతో పడి ఉంది. పళ్లు లేని నోటితో ఒకటే మాట చెబుతోంది. పైన స్విచ్చు నొక్కిందట, లైటు వెలిగిందట. రెండు మెట్లు దిగేసరికి ఆరిపోయిందట. కింది స్విచ్చు ఎవరి చేతి కింద ఉంది? ఇంకెవడు ఆర్పాడు, గోడ మీది బల్లి ఆర్పిందా? చీకట్లో కూర్చోబెడతానన్నావు, అన్నంత పనీ చేశావు.

ఆదివారం వస్తున్నాను. పెద్ద సుత్తి తెస్తున్నాను. ఆ స్విచ్చూ, మెట్లూ, నువ్వు పెత్తనం చేసే మెయిన్ బోర్డూ అన్నీ పిండి చేస్తాను. అడ్డం వచ్చావా, ఆ ఎడమ చెయ్యి కూడా మిగలదు.

ఒకప్పటి నీ తమ్ముడు

---

ప్రియమైన అన్నయ్యకు,

ఇది పై వాటాలోంచి రాస్తున్నాను. వదిన తెచ్చి ఇస్తుంది. చించకుండా చదువు.

నేను వచ్చేసరికి నువ్వు కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లావు. నేరుగా కుట్టుగదిలోకి పోయి ఆ స్విచ్చు మీదికి సుత్తి ఎత్తాను. వదిన గుమ్మంలోకి వచ్చింది. నుదుటి మీద కుట్లు. నన్ను చూసి వణుకుతుందనుకున్నాను.

"పగలగొట్టు నాయనా, మాకు అలవాటైపోయింది," అంది. "దానికి ముందు నేను చెప్పింది ఒకటి చెయ్యి. నేను పైకెళ్లి దిగుతాను. నా అడుగులు వినపడగానే నాకు లైటు వెయ్యి. వెయ్యాలి సుమా, ఆర్పకూడదు."

పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. అయినా నిలబడ్డాను. పై నుంచి అడుగులు వినిపించాయి. నొక్కాను.

"వేశావా, ఆర్పావా?" అని మెట్ల మీద నుంచి కేకేసింది.

"వేశాను వదినా."

"అయితే వచ్చి చూడు."

వెళ్లి చూశాను. కటిక చీకటి. వదిన ఆ చీకట్లోనే ఏడుస్తూ అంది, "నేను పైన వేసే దిగుతున్నాను. వెలుగుతోంది. నువ్వు వేశాననుకున్నావు చూడు, ఆరిపోయింది. మీ అన్న చేసింది కూడా ఇంతే. సుత్తి దెబ్బలు తింటూ కూడా వేశానురా, వేశానురా అన్నాడు. విన్నావా?"

వినలేదు అన్నయ్యా. నా భార్య తన కోసం వేసుకుంది, నువ్వు ఆమె కోసం వేశావు. గోడ అవతల కనపడదురా అని నువ్వు మొదట్లోనే మొత్తుకుంటే నీ నోరు మూయించింది నేను. నా భార్యకి ఇప్పుడే ఫోన్‌లో చెప్పాను. మొదటి నుంచి మళ్లీ చెప్పించుకుంది. తర్వాత "బావగారి చెయ్యి ఎలా ఉంది?" అని అడిగింది. ఫోన్ పెట్టేసి గోడకి తల బాదుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలని ఉంది.

తెచ్చిన సుత్తితో కుట్టుగది గోడ మాత్రం పగలగొట్టాను. స్విచ్చు అక్కడ పీకేసి మెట్ల మొదట్లో, లైటు కళ్లకి కనపడే చోట బిగించాను. మిషన్ మీది లైటు కుడి పక్కకి మార్చాను. ఎడమచేత్తో కత్తెర పట్టడం నేర్చుకుంటున్నావని వదిన చెప్పింది. ఇప్పుడు నీ చేతి నీడ గుడ్డ మీద పడదు.

కిందికి దిగి నీ మొహం చూసే ధైర్యం లేదు. సుత్తి నీ గుమ్మం పక్కనే పెట్టాను. నా కుడిచెయ్యి ఇక్కడ బల్ల మీద ఉంది. నువ్వు ఏం చేసినా తియ్యను.

నీ తమ్ముడు

---

ఒరేయ్ తమ్ముడూ,

సుత్తి చూశాను. ఎడమచేత్తో ఎత్తి కూడా చూశాను. లేస్తోంది.

మిషన్ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. లైటు సరిగ్గానే పెట్టావు.

పైకి వస్తున్నాను. వచ్చాక నీ చెంపలు వాయగొడతానో, ఇంకేం చేస్తానో నాకే తెలియదు. కోపం అలా ఉంది. సుత్తి మాత్రం మీ వదిన లాక్కుంది.

మెట్ల లైటు వెయ్యి. నేను నొక్కను.

అన్నయ్య