ఐదో దశాంశం

కంకిపాడు, 2003 ఆగస్టు, మంగళవారం

గైడుగారు ఇవాళ నా పీహెచ్‌డీ కాగితాలు బల్ల మీద పడేశారు. "పాత ఫార్ములాకీ నీ లెక్కకీ ఐదో దశాంశంలో తేడా వస్తోందమ్మా. సరిచేసి తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు.

సరిచేయాల్సింది ఎవరో ఊహతో కట్టిన, ఇంతవరకూ రుజువు కాని ఆ ఫార్ములాని! కోళ్ల గంప అల్లికలాగా అంతు లేకుండా పిల్లకాలవలు పరుచుకుని ఉన్నాయనుకుని, వాటిని ఎక్కడపడితే అక్కడ తెరుచుకుంటూ పోతే, వాటిలో ఎంత వంతు తెరిచేసరికి నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి చేరతాయో కంప్యూటర్‌లో చూస్తున్నాను. కరెంటు పోయినప్పుడల్లా మొదటి నుంచి నడిపాను. ఎప్పుడు నడిపినా అదే అంకె. ఆ మాటే గైడుగారితో అన్నాను.

"ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పుస్తకంలో విలువ వచ్చేలా రీడింగులు రాయలేదా నువ్వు?" అని నవ్వారు.

"అక్కడ జవాబు అందరికీ తెలుసండీ. ఇది ఇంకా ఎవరికీ తెలియదు" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "పెద్దాయనతో గొడవెందుకే, ఆయన చెప్పినట్టే రాసెయ్" అంది. నిజంగానే సంతకం పెట్టకపోతే ఇన్నేళ్ల చదువు ఏమవుతుందో...

పెట్టకపోతే పోనీ. ఆ అంకె ఆయన్ని అడిగి రాలేదు, ఆయన వద్దంటే పోదు.